యంత్రాభిమానం - తెలుగు అక్షరం

మనిషికి తాను వాడే పనిముట్టు మీద మమకారం కలగడం కొత్త విషయం కాదు. ఫలానా కమ్మరి కాల్చి సాగదీసిన కొడవలి అయితేనే చేతికి ఒదుగుతుందని కోతకు వెళ్ళేవారు పట్టుబట్టిన రోజులున్నాయి. పెళ్ళికి హెచ్.ఎం.టి. చేతి గడియారం, ఇంటికి మర్ఫీ రేడియో, ప్రయాణానికి బజాజ్ స్కూటరు అనే అభిరుచి ఒక తరాన్ని ఏలింది. సూర్యాపేట జిల్లాలోని ఆత్మకూర్ (ఎస్) వంటి వ్యవసాయ మండలాలలో ట్రాక్టర్ల విషయంలో ఇటువంటి పక్షపాతం నేటికీ వినిపిస్తుంది. ఒకరు ఎర్ర ట్రాక్టరు తప్ప మరొకటి ఎక్కరు. మరొకరు నీలి ట్రాక్టరే నేలను లోతుగా దున్నుతుందని వాదిస్తారు. రచ్చబండ మీద ఈ వాదం ఎంతసేపు సాగినా ఎవరికీ నష్టం లేదు. ఏ రంగు ట్రాక్టరు దున్నినా పొలం రైతుదే. పండిన వడ్లను ఏ బండిలో వేసుకొని అయినా మిర్యాలగూడ మిల్లుకు తరలించవచ్చు.

కంప్యూటర్లు, సెల్‌ఫోన్ల కాలంలో ఈ మమకారం మరొక రూపం దాల్చింది. ఒక సంస్థ తయారుచేసిన ఫోను కొన్న యువకుడు కొంతకాలానికి అదే సంస్థ కంప్యూటరు కొంటాడు. చేతికి దాని గడియారమే కట్టుకుంటాడు. ఆ సంస్థ కొత్త నమూనాను విడుదల చేసే రాత్రి నిద్ర మానుకొని ఆ ప్రకటనను వీక్షిస్తాడు. దానిని ఎవరైనా విమర్శిస్తే తన ఇంటివారిని అన్నట్లు నొచ్చుకుంటాడు. అతడు ఆ సంస్థలో వాటాదారుడు కాడు, ఉద్యోగి కాడు. అయినప్పటికీ దాని గెలుపోటములను తనవిగా భావిస్తాడు. దీనిని వెర్రి అని తోసివేయడం తేలిక. అయితే ఈ అభిమానంలో కొంత వివేకం ఉంది, కొంత అలవాటు ఉంది, కొంత నిస్సహాయత కూడా ఉంది. ఈ మూడూ బయటికి ఒకే తీరుగా కనిపిస్తాయి. వాటిని విడదీసి చూడడం అవసరం.

ముందుగా వివేకం సంగతి. ఫిన్లాండు దేశపు నోకియా సంస్థ 2003లో 1100 అనే చిన్న ఫోనును విడుదల చేసింది. దాని మీటలపై దుమ్ము చొరని పలక ఉండేది. చేతిలో నుండి జారని అంచులు, పైభాగాన చిన్న టార్చిలైటు ఉండేవి. ప్రపంచమంతటా ఆ ఒక్క నమూనా 25 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. వ్యవసాయానికి కరెంటు రాత్రిపూట వచ్చే కాలంలో, చీకటిలో గట్ల వెంట నడిచి మోటారు వేసి రావలసిన రైతుకు ఆ టార్చి ఎంత అక్కరకు వచ్చిందో చెప్పనవసరం లేదు. పల్లెలలో నోకియా పేరు స్థిరపడడానికి ప్రకటనల కంటె ఈ ఉపయోగమే ముఖ్య కారణం. పరికరం తన బ్రతుకునకు సరిపోయిందని మనిషి గుర్తించి, ఆ సంస్థను నమ్మాడు. ఇటువంటి అభిమానాన్ని తప్పు పట్టవలసిన పని లేదు.

యాపిల్ సంస్థ పట్ల ఏర్పడిన అభిమానానికి ఆధారం వేరు. 1976 ఏప్రిల్ 1న అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో స్టీవ్ జాబ్స్, స్టీవ్ వోజ్నియాక్, రోనాల్డ్ వేన్ అనే ముగ్గురు దీనిని స్థాపించారు. యంత్రాన్నీ, దానిని నడిపే సాఫ్టువేరునూ తానే రూపొందించడం ఈ సంస్థ పద్ధతి. అంతకు ఒక సంవత్సరం ముందు బిల్ గేట్స్, పాల్ అలెన్ స్థాపించిన మైక్రోసాఫ్ట్ సంస్థ సాఫ్టువేరును మాత్రమే తయారుచేసి, కంప్యూటర్ల తయారీని చాలాకాలం ఇతరులకే విడిచిపెట్టింది. విందులో ఒకే వంటవాడు కూర, పులుసు, పచ్చడి వండితే రుచులకు పొందిక కుదురుతుంది. పదిమంది తలా ఒకటి వండితే రకాలు పెరుగుతాయి, ఖర్చు తగ్గుతుంది; కాని ఒకదానితో ఒకటి కలవక పోవచ్చు. 1984 జనవరిలో మెకింటాష్, 2007లో ఐఫోను వెలువడినప్పుడు వాడినవారిని ఆకట్టుకున్నది ఈ పొందికే.

దీనికి మరొక పార్శ్వం ఉంది. ఒక్కడే వండే ఇంట్లో అతడు వడ్డించినదే తినాలి. 2008 జూలైలో యాపిల్ సంస్థ యాప్ స్టోరును ప్రారంభించింది. ఐఫోనులోకి కొత్త సాఫ్టువేరు ఏది చేరాలన్నా ఆ అంగడి వాకిటి గుండానే రావాలన్నది నియమం. ఐరోపా సమాఖ్య చట్టం కారణంగా ఆ దేశాల వరకు 2024 మార్చిలో ఈ నియమం సడలింది.

అభిమానుల పక్షాన చెప్పవలసిన మాట ఇంకొకటి మిగిలి ఉంది. 2009లో వచ్చిన ఐఫోను నమూనాలో తెరపై ఉన్నదానిని పైకి చదివి వినిపించే వాయిస్ ఓవర్ అనే సదుపాయాన్ని ఫోనులోనే అమర్చారు. మీటలు లేని నున్నని గాజు తెర చూపు లేనివారికి పనికిరాదని అప్పటివరకు అనేకులు తలచారు. వేలు ఆనిన చోటునల్లా ఫోను మాట్లాడడం మొదలుపెట్టిన తరువాత ఆ అభిప్రాయం మారింది. చూపు లేని వ్యక్తి ఒకరు ఆ సంస్థ ఫోనునే కోరుకుంటే దానిని డాంబికం అనడం అన్యాయం. ఎవరి అభిమానానికి ఏ అవసరం కారణమో పైనుండి చూసేవారికి తెలియదు.

ఇక అలవాటు. ఇది వివేకం కంటె బలమైనది. ఆంగ్ల టైపురైటరు మీద అక్షరాల వరుసను 1870లలో క్రిస్టఫర్ షోల్స్ అనే అమెరికన్ రూపొందించాడు. ఆనాటి ఇనుప యంత్రాలు మూలపడినా, ఆ వరుస నేటి గాజు తెరల మీద కూడా అలాగే ఉంది. వేళ్ళు నేర్చిన దారిని విడిచిపెట్టవు. తెలుగు నాట ఇంతకంటె చక్కని ఉదాహరణ ఉంది. డి.టి.పి. కేంద్రాలలో తెలుగు అక్షరాలు కూర్చేవారు వాడే కీబోర్డు అమరికలు కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకదాని పేరు యాపిల్ కీబోర్డు, మరొకదాని పేరు మాడ్యులర్ కీబోర్డు. సూర్యాపేటలోగాని, కోదాడలోగాని శుభలేఖలు కూర్చే ఒక వ్యక్తి జీవితంలో ఎన్నడూ యాపిల్ కంప్యూటరును ముట్టి ఉండకపోవచ్చు. అయినా తాను యాపిల్ అమరికలోనే టైపు చేయగలనని, మాడ్యులర్ తనకు రాదని చెబుతాడు. సంస్థ పేరు వేళ్ళలో మిగిలింది, యంత్రం మాత్రం లేదు. ఆ వేళ్ళకు పదేళ్ళు పట్టిన నేర్పును మార్చుకొమ్మని చెప్పడం సులభమే. మార్చుకునే రోజులలో అతని కూలి ఎవరు ఇస్తారన్నది వేరే ప్రశ్న.

మూడవది నిస్సహాయత. వస్తువు నచ్చి కాక, వదలలేక దానిని వాడడం. ఒక చిన్న తీగ ఈ సంగతిని చక్కగా తెలుపుతుంది. ఒకప్పుడు ఏ ఇంటికి వెళ్ళి ఛార్జరు అడిగినా సన్నపిన్నా, లావుపిన్నా అనే ప్రశ్న ఎదురయ్యేది. ఒక్కొక్క సంస్థకు ఒక్కొక్క పిన్ను. ఫోను మారిస్తే తీగలన్నీ వ్యర్థమవుతాయి కనుక పాత సంస్థకే కట్టుబడి ఉండడం మేలనిపించేది. చాలా ఫోన్లు ఒకే రకపు తీగకు మారిన తరువాత కూడా యాపిల్ తన ప్రత్యేకమైన తీగనే కొనసాగించింది. చివరకు ఐరోపా సమాఖ్య ఒకే రకపు తీగను 2024 డిసెంబరు 28 నుండి తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. ఆ గడువుకు ముందే, 2023 సెప్టెంబరులో వెలువడిన ఐఫోను 15తో యాపిల్ దారికి వచ్చింది.

తీగ విలువ కొన్ని వందల రూపాయలు. అందులో పోయేది డబ్బు మాత్రమే. మనిషి రాసుకున్న రాత, తీసుకున్న ఛాయాచిత్రం, కొనుక్కున్న పాట ఒక సంస్థ పెట్టెలో చిక్కుకుంటే నష్టం వేరు. యాపిల్ సంస్థ 2003 నుండి పాటలను అమ్మినప్పుడు వాటికి ఒక తాళం వేసింది. ఆ పాటలు ఆ సంస్థ పరికరాలలోను, దాని సాఫ్టువేరులోను తప్ప మరెక్కడా పలికేవి కావు. వంద పాటలు కొన్నవాడు మరొక సంస్థ పరికరం కొనాలంటే ఆ వంద పాటలనూ వదులుకోవాలి. 2009లో ఆ తాళాన్ని తొలగించారు. ట్రాక్టరుకూ దీనికీ భేదం ఇక్కడే ఉంది. దున్నినవాడు పంటను తీసుకొని పోనివ్వకుండా, పంట ఉండే గాదెకు తాళంచెవి తన దగ్గరే ఉంచుకుంటే ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంది.

ఈ తాళం తెలుగు రాతకు కూడా పడింది. అదీ ఏ అమెరికా సంస్థ కుట్రవల్లనో కాదు, అవసరం కొద్దీ తెలుగువారు తమకు తామే వేసుకున్నది. ఈ కథ కొంత వివరంగా తెలుసుకోదగినది.

కంప్యూటరుకు అక్షరం తెలియదు, అంకె మాత్రమే తెలుసు. ప్రతి అక్షరాన్నీ అది ఒక సంఖ్యగా దాచుకుంటుంది. తొలినాళ్ళలో ఒక్కొక్క అక్షరానికి కేటాయించిన చోటు 256 సంఖ్యలకు మాత్రమే సరిపోయేది. అందులో సగం గళ్ళను ఆంగ్ల అక్షరాలు, అంకెలు, విరామచిహ్నాలు మొదలైనవి ముందే ఆక్రమించాయి. తెలుగులో అచ్చులు, హల్లులే కాక గుణింతాలు, ఒత్తులు, సంయుక్తాక్షరాలు ఉన్నాయి. వాటన్నిటినీ విడివిడి బొమ్మలుగా లెక్కిస్తే వేలకు చేరుతాయి. ఇన్ని బొమ్మలకు 256 గళ్ళు ఏమూలకూ చాలవు. అందుచేత ఫాంట్లు రూపొందించిన సంస్థలు ఒక ఉపాయం పన్నాయి. తెలుగు అక్షరాన్ని తలకట్టు, కొమ్ము, ఏత్వం, ఒత్తు అనే ముక్కలుగా విడగొట్టి, ఆ ముక్కలను ఆంగ్ల అక్షరాల గళ్ళలోనే కూర్చాయి. తెరపైన, కాగితంపైన తెలుగు కనిపిస్తుంది. కంప్యూటరు లోపల మాత్రం ఉన్నది ఆంగ్ల అక్షరాల కలగాపులగం.

అను, శ్రీలిపి వంటి సాఫ్టువేర్లు ఈ విధంగానే తెలుగు ముద్రణకు సేవ చేశాయి. సీసపు అచ్చులను ఒక్కొక్కటిగా ఏరి కూర్చే శ్రమ తప్పింది. పుటలను తీర్చిదిద్దడానికి పేజ్‌మేకర్ అనే సాఫ్టువేరు తోడైంది. 1985లో ఆల్డస్ సంస్థ దీనిని మొదట మెకింటాష్ కంప్యూటరు కొరకే తయారుచేసింది. 1994లో ఆల్డస్‌ను కొనుగోలు చేసిన అడోబీ సంస్థ 2001లో పేజ్‌మేకర్ చివరి కూర్పును వెలువరించి, ఆ తరువాత ఇన్‌డిజైన్ అనే మరొక సాఫ్టువేరు వైపు మరలింది. అయినా తెలుగు పట్టణాలలోని డి.టి.పి. కేంద్రాలు పేజ్‌మేకరును విడువలేదు. శుభలేఖ, కరపత్రం, బడి వార్షిక సంచిక, స్థానిక కవి శతకం, సంఘం నివేదిక అన్నీ అందులోనే తయారయ్యాయి. చవకగా, వేగంగా, అందంగా తెలుగు అచ్చు వేయగల సాధనం అది. ఆ సాధనం మీద వారికి గల అభిమానంలో వివేకం, అలవాటు రెండూ ఉన్నాయి.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఒక్కొక్క సంస్థ అక్షరాన్ని ఒక్కొక్క విధంగా ముక్కలు చేసింది. ఒకరి ఫాంటులో తలకట్టు ఉన్న గడిలో మరొకరి ఫాంటులో ఒత్తు ఉండేది. ఒక ఫాంటులో కూర్చిన వ్యాసాన్ని వేరొక ఫాంటు ఉన్న కంప్యూటరులో తెరిస్తే అర్థం లేని గీతలు ప్రత్యక్షమయ్యేవి. ఏ తెలుగు ఫాంటూ లేనిచోట తెరిస్తే ఆంగ్ల అక్షరాలు, ఆశ్చర్యార్థకాలు, డాలరు గుర్తులు వరుసకట్టి కనిపించేవి. తెలుగు పత్రికలు అంతర్జాలంలోకి అడుగుపెట్టిన రోజులలో ఈనాడుకు ఒక ఫాంటు, వార్తకు మరొక ఫాంటు ఉండేవి. రెండు పత్రికలు చదవాలంటే రెండు ఫాంట్లను దించుకోవలసి వచ్చేది. కాగితం మీద ఇటువంటి ఆటంకం ఎన్నడూ లేదు. ఏ ముద్రణాలయంలో అచ్చయిన పుస్తకాన్నైనా ఏ కళ్ళద్దాలతోనైనా చదవవచ్చు కదా.

ఈ చిక్కు ఎలా విడిపోయిందో గ్రహించడానికి ఆత్మకూర్ (ఎస్) అనే పేరే తోడ్పడుతుంది. తెలుగు నేల మీద ఆత్మకూరులు అనేకం. నెల్లూరు జిల్లాలో ఒకటి ఉంది. నంద్యాల, వనపర్తి, హనుమకొండ జిల్లాలలోనూ ఆత్మకూరులున్నాయి. పూర్వపు నల్లగొండ జిల్లాలోనే రెండు మండలాలకు ఆ పేరుండడంతో, ఒకదానికి సూర్యాపేటను సూచించే ఎస్ అనే గుర్తును, రెండవదానికి ఎం అనే గుర్తును చేర్చారు. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు ఎస్ గుర్తు గలది సూర్యాపేట జిల్లాలోకి, ఎం గుర్తు గలది యాదాద్రి భువనగిరి జిల్లాలోకి చేరాయి. గుర్తు చేర్చకుండా ఉత్తరం రాస్తే అది ఏ ఊరికి చేరుతుందో చెప్పలేము. ఒక్క గుర్తును అందరూ అంగీకరించినప్పుడు టపా తప్పిపోదు.

అక్షరాల విషయంలోనూ జరిగినది ఇదే. ప్రపంచ భాషల లిపులన్నిటిలోని ప్రతి అక్షరానికీ, మరే అక్షరానికీ చెందని ఒక సంఖ్యను కేటాయించాలన్న సంకల్పంతో యూనికోడ్ అనే ప్రమాణం ఏర్పడింది. దాని మొదటి కూర్పు 1991లో వెలువడింది. తెలుగుకు అందులోనే చోటు లభించింది. 3072 నుండి 3199 వరకు గల 128 సంఖ్యలు తెలుగు లిపికి చెందినవి. అ అక్షరం సంఖ్య 3077. క అక్షరం సంఖ్య 3093. భారతీయ భాషలకు కంప్యూటరులో ఒకే వరుస ఉండాలని భారతదేశంలో అంతకుముందు రూపొందిన ఇస్కీ అనే ప్రమాణం ఈ ఏర్పాటుకు ఆధారం. గుణింతాలకు, ఒత్తులకు వేరుగా వేలకొలది సంఖ్యలు అక్కరలేదు. మూలాక్షరాలను వరుసగా దాచుకుంటే, వాటిని కలిపి బొమ్మగా చూపే బాధ్యత యంత్రానిది. పరస్పరం పోటీపడే సంస్థలు ఒకే పట్టికను అంగీకరించి అమలుచేశాయి. వ్యాపారంలో ఇటువంటివి తరచుగా జరగవు.

ప్రమాణం పుట్టగానే ఫలితం అందలేదు. పట్టికలో సంఖ్య ఉన్నా, తెరమీద అక్షరం కూర్చోవాలి కదా. మైక్రోసాఫ్ట్ సంస్థ 2001లో విండోస్ ఎక్స్‌పి వెలువరించినప్పుడు గౌతమి అనే తెలుగు ఫాంటును చేర్చింది. యాపిల్ కంప్యూటర్లకు ఈ సదుపాయం ఆ తరువాత కొన్ని సంవత్సరాలకు గాని రాలేదు. అందుచేత ఆ కాలంలో యాపిల్‌ను అభిమానించే తెలుగు రచయిత ఎవరైనా ఉంటే, తన అభిమానానికీ, తన భాషకూ నడుమ నలిగి ఉంటాడు. ఈ లోటును పూరించినవారిలో ఏ సంస్థకూ చెందని వ్యక్తులు ఎక్కువ. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన అనే ఫాంట్లను రూపొందించి ఉచితంగా పంచారు. వెన్న నాగార్జున 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు పునాది వేశారు. పాత ఫాంట్లలో ఉన్న రాతను యూనికోడ్‌లోకి మార్చే పద్మ అనే సాఫ్టువేరు కూడా ఆయనదే. హైదరాబాదులో 2005లో మొదలైన స్వేచ్ఛ అనే సంస్థ, ఎవరైనా చదివి మార్చుకోగల సాఫ్టువేరును తెలుగులో అందించడానికి పూనుకుంది. సిలికానాంధ్ర పూనికతో వచ్చిన మండలి, రామభద్ర, గిడుగు, గురజాడ మొదలైన ఫాంట్లు నేడు ఎవరికైనా ఉచితంగా లభిస్తాయి.

సంస్థలను నడిపేవారికి అభిమానుల కంటె అభిమానం తక్కువ అనిపించే సందర్భాలుంటాయి. 1967లో హైదరాబాదులో జన్మించి, బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూలులో చదివిన సత్య నాదెళ్ళ 2014 ఫిబ్రవరి 4న మైక్రోసాఫ్ట్ సంస్థ పగ్గాలు చేపట్టారు. అంతకుముందే నోకియా ఫోన్ల విభాగాన్ని కొనాలని ఆ సంస్థ నిర్ణయించి ఉంది. విండోస్ ఫోన్లను ప్రాణప్రదంగా చూసుకునే అభిమానులు భారతదేశంలో కూడా ఉండేవారు. పదవి చేపట్టిన రెండు నెలలలోపే, మార్చి 27న, నాదెళ్ళ తమ సంస్థ ప్రసిద్ధ సాఫ్టువేరు ఆఫీసును పోటీదారైన యాపిల్ వారి ఐప్యాడ్‌లో పనిచేసే విధంగా విడుదల చేశారు. జనం ఏ పరికరం పట్టుకున్నా తమ సాఫ్టువేరు అందులో ఉండాలన్నది ఆ నిర్ణయం వెనుక ఉన్న ఆలోచన. మరుసటి సంవత్సరం నోకియా కొనుగోలు విలువను సంస్థ నష్టం కింద రాసివేసింది. 2020 జనవరి నాటికి విండోస్ ఫోన్లకు భద్రతాపరమైన సవరణలు సైతం నిలిచిపోయాయి. ఏళ్ళతరబడి ఇతర సంస్థల అభిమానులతో వాదులాడినవారు, ఆ ఇతర సంస్థల ఫోన్లే కొనుక్కోవలసి వచ్చింది.

యాపిల్ అభిమానులకు తెలుగు అక్షరం వల్లనే ఒక పరీక్ష ఎదురైంది. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం సందేశంగా చేరితే చాలు, ఐఫోనులోని సాఫ్టువేరు కుప్పకూలుతోందన్న వార్త ప్రపంచమంతటా వ్యాపించింది. జ్ఞానం అనే మాటలో ఉండే జ్ఞా ఆ అక్షరం. అయితే మామూలుగా రాసే జ్ఞా వల్ల ప్రమాదం లేదు. జ, పొల్లు, ఞ, దీర్ఘం అనే నాలుగింటి వరుసలో, దీర్ఘానికి ముందు కంటికి కనిపించని ఒక సంకేతం చేరినప్పుడే యంత్రం తడబడింది. ఒత్తు ఏర్పడకుండా రెండు హల్లులను విడదీసి రాయడానికి తెలుగులో ఆ సంకేతాన్ని వాడుతారు. అది సాధారణంగా ఎవరూ ఉంచని చోట ఉన్నందున, అక్షరాన్ని ఎలా కూర్చి చూపాలో ఆ సాఫ్టువేరుకు పాలుపోలేదు. ఫోన్లే కాక ఆ సంస్థ కంప్యూటర్లకు, చేతి గడియారాలకు కూడా ఈ దోషం తగిలింది. కొందరు ఆకతాయిలు ఆ అక్షరాన్ని పనిగట్టుకొని ఇతరులకు పంపి వినోదించారు.

యంత్రమూ, సాఫ్టువేరూ ఒకే చేతిలో ఉండడంలోని మంచి చెడ్డలు రెండూ ఈ ఘటనలో కనిపించాయి. దోషం ఆ సంస్థ పరికరాలన్నిటికీ ఒక్కసారిగా తగిలింది. దానిని సరిదిద్దే కూర్పు కూడా ఫిబ్రవరి 19న, అంటే రోజుల వ్యవధిలో, అందరికీ ఒక్కసారిగా అందింది. అంతకంటె ఆలోచించదగిన విషయం వేరొకటి ఉంది. కోట్లమంది మాట్లాడే భాషలోని అక్షరవరుస ఒకటి అంత పెద్ద సంస్థ పరీక్షలను దాటుకొని బయటికి ఎలా వచ్చింది? ఆంగ్లంలో ఇటువంటి దోషం ఉంటే విడుదలకు ముందే వందలమంది కంట పడి ఉండేది. తెలుగులో రాసేవారు తక్కువగా ఉన్నచోట తెలుగు దోషాలు దాగి ఉంటాయి. ఖరీదైన ఫోను కొన్న తెలుగువాడు అందులో ఆంగ్లమే టైపు చేస్తున్నంత కాలం, ఆ ఫోనుకు తెలుగు వచ్చో రాదో దాని తయారీదారుకు తెలిసే అవకాశం తక్కువ.

యూనికోడ్ వచ్చినంత మాత్రాన వెనుకటి రాత దానంతట అదే విడుదల కాలేదు. డి.టి.పి. కేంద్రాల పాత కంప్యూటర్లలో, సి.డి.లలో పేజ్‌మేకర్ ఫైళ్ళు గుట్టలుగా ఉన్నాయి. ఒక ఊరి ఉపాధ్యాయుడు శ్రమించి సేకరించిన గ్రామచరిత్ర 2002లో అచ్చయిందని అనుకుందాం. ముద్రించిన మూడు వందల ప్రతులు చేతులు మారి, చెదలకు చిక్కి కనుమరుగయ్యాయి. మిగిలినది ఒక ఫైలు. నేడు కళాశాల విద్యార్థి దానిని తన ఫోనులో తెరవబోతే తెరుచుకోదు. అది ఏ సంస్థ ఫోను అయినా ఒకటే. అందులోని వాక్యాలను ఎలాగో బయటికి తీసినా, వచ్చేవి అర్థం లేని ఆంగ్ల అక్షరాలు. ఆ ఊరి చెరువుల పేర్లు, చేనుచెలకల పేర్లు, పోరాటంలో పాల్గొన్నవారి పేర్లు అన్నీ ఆ అక్షరాల వెనుక ఉన్నాయి. అంతర్జాలంలో ఎంత వెతికినా అవి దొరకవు. ఎందుకనగా యంత్రం దృష్టిలో అవి తెలుగు పేర్లు కావు.

ఇటువంటి ఫైళ్ళను యూనికోడ్‌లోకి మార్చే సాఫ్టువేర్లు నేడు పలువురు తయారుచేశారు. మొదట ఏ ఫాంటులో కూర్చారో తెలియాలి. ఆ ఫాంటుకు తగిన మార్పిడి పట్టిక దొరకాలి. మార్చిన తరువాత ఒత్తులు పక్క అక్షరం కిందికి జరుగుతాయి. కొన్నిచోట్ల దీర్ఘాలు రాలిపోతాయి. యంత్రం వాటిని గుర్తించలేనిచోట మనిషి చదివి దిద్దాలి. పాత ముద్రిత ప్రతి ఒకటి దొరికితే పక్కన పెట్టుకొని సరిచూడవచ్చు. ప్రతి లేనిచోట, ఇరవై ఏళ్ళ కిందట ఆ పుస్తకాన్ని టైపు చేసిన వ్యక్తి సూర్యాపేటలో ఏ వీధిలో ఉన్నాడో వెతుక్కుంటూ వెళ్ళవలసి వస్తుంది.